ఎర్రబోరు చెప్పే పాఠం: ఉగ్రవాద పద్ధతులు, ఉద్దేశాలు మారిన తీరు

(రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ అధ్యయన తరగతిలో వేతన సవరణ గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీ గురించి విపులంగా చర్చించుకున్నాం. ఇప్పుడు మేము ప్రస్తావించదలచిన విషయం మన కోర్కెల పత్రంలో కనిపించేది కాదు. అయినా అది మన డ్యూటీ స్థలానికి దూరమైనదీ కాదు. రైలు పెట్టెలో సీటు కింద ఎవరో వదలి వెళ్లిన సంచి, సార్టింగు బల్ల మీదికి వచ్చిన పార్సెలు, అర్ధరాత్రి అడవిలో ఎవరో తొలగించిన పట్టా - వీటిని మొదట చూసేదీ, మొదట తాకేదీ మన ఉద్యోగే. కనుక ఉగ్రవాదాన్ని గురించి ఆలోచించటం పోలీసులకూ పత్రికలకూ వదలివేయదగిన పని కాదని మా అభిప్రాయం.

2006 జూలైలో ఆరు రోజుల వ్యవధిలో మన దేశంలో రెండు ఘోరాలు జరిగాయి. జూలై 11 సాయంత్రం ముంబయిలో పశ్చిమ రైల్వే లోకల్ బండ్లలో పదకొండు నిమిషాలలో ఏడు బాంబులు పేలాయి. పనిచేసి ఇళ్లకు పోతున్న 180 మందికి పైగా ప్రయాణికులు మరణించారు. జూలై 17 తెల్లవారకముందు బస్తర్ దక్షిణపు కొసన, ఎర్రబోరు గ్రామంలోని సల్వాజుడుం శిబిరంలో నిద్రిస్తున్న గిరిజన కుటుంబాలపై వందలాది మావోయిస్టులు దాడి చేశారు. గుడిసెలకు నిప్పు పెట్టారు. 30 మందికి పైగా మరణించారు. మృతులలో పిల్లలు కూడా ఉన్నారు.

మొదటి వార్త ప్రపంచమంతటా మారుమోగింది. రెండవది కొద్దిరోజులకే మరుగున పడింది. ఎర్రబోరుకు రైలు లేదు. జగదల్పూరు నుంచి సుక్మా, దోర్నపాల్ మీదుగా కుంటకు వచ్చే జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరు అది. అప్పట్లో దంతెవాడ జిల్లాలో ఉండేది. 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలోకి వచ్చింది. కుంట దాటితే మన చింతూరు, ఆ పైన భద్రాచలం. దొర్లలు, కోయలు నివసించే ప్రాంతం. వారి మాటలో తెలుగు కలిసి ఉన్నది. ఊరి పేరులోనే తెలుగు ఉన్నది. ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఉగ్రవాదం ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుకున్నదో తెలుస్తుంది. మేము చెప్పదలచుకున్నది మూడు మాటలలో ఇమిడిపోతుంది: పేరు, ముద్ర, సంఖ్య. పూర్వం ఉగ్రవాది పేరుగల ఒక మనిషిని వెతుక్కుంటూ పోయేవాడు. తరువాత ఒక ముద్ర వేసి, ఆ ముద్ర పడినవారినందరినీ చంపసాగాడు. చివరకు పేరూ ముద్రా కూడా అక్కరలేక, ఎంతమంది చచ్చారన్న సంఖ్య ఒక్కటే చాలునన్న స్థితికి వచ్చాడు.

తిరుగుబాటు వేరు, ఉగ్రవాదం వేరు

ముందుగా ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. పాలకులకు నచ్చని ప్రతి పోరాటానికీ ఉగ్రవాదమని పేరు పెట్టటం పాత అలవాటు. బస్తర్‌లో 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. అడవులను రిజర్వు చేసినందుకూ, వెట్టిచాకిరీకీ వ్యతిరేకంగా ఊళ్లకు ఊళ్లే కదిలాయి. గుండాధూర్ పేరు ఈనాటికీ అక్కడివారి నోట ఉన్నది. మామిడి కొమ్మ, మట్టిపెళ్ల, మిరపకాయలు, బాణం - ఇవి ఒక ఊరి నుంచి మరొక ఊరికి కబురుగా పోయేవి. ఉత్తరం రాయటం రాని జనం తమకు తామే ఏర్పాటు చేసుకున్న తపాలా అది. ఆ తిరుగుబాటులో హింస జరిగింది. అయినా అది జనం పక్షాన కొందరు చేసింది కాదు, జనమే చేసినది. దానిని ఉగ్రవాదమనలేము.

ఉగ్రవాద లక్షణం వేరు. కొద్దిమంది రహస్యంగా కూడి, కొందరిని చంపి, ఎందరినో భయపెట్టి, తద్వారా తమకు కావలసినది సాధించాలనుకోవటం దాని సారం. చచ్చేవాడు ఒకడు, కబురు మరొకరికి. మన తపాలా భాషలో చెప్పాలంటే మనిషిని కవరుగా వాడుకోవటం. ఈ లక్షణం ఎవరి చేతిలో కనిపించినా, వారు ఏ జెండా పట్టినా, మనం అదే పేరు పెట్టవలసి ఉంటుంది.

మొదటి దశ: పేరు

రష్యాలో నరోద్నయ వోల్య అనే రహస్య సంస్థ 1881లో జార్ చక్రవర్తి రెండవ అలెగ్జాండరును బాంబుతో చంపింది. నిరంకుశుడు పోతే ప్రజలు లేస్తారని వారి నమ్మకం. ప్రజలు లేవలేదు, మరింత కఠినుడైన జార్ వచ్చాడు. 1905లో అదే దేశంలో కల్యాయెవ్ అనే యువకుడు గ్రాండ్ డ్యూక్ సెర్గేయిని చంపటానికి బాంబు పట్టుకు నిలిచి, బండిలో అతని భార్యా, అతని తమ్ముని పిల్లలూ ఉండటం చూసి చేయి దించేశాడు. రెండు రోజుల తరువాత డ్యూకు ఒంటరిగా వచ్చినప్పుడే వేశాడు. ఆనాటి ఉగ్రవాది మనసులో ఒక గీత ఉండేది. శత్రువుకు పేరు ఉన్నది. ఆ పేరుకు బయట ఉన్నవారిని ముట్టుకోరాదు.

మన దేశంలోనూ అటువంటి గీత గీసుకున్నవారు ఉన్నారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయాడు. తీసుకున్న ఆయుధాల వివరాలు రాసి సంతకం చేసి మరీ వెళ్లాడు. ముసుగు లేదు, దాపరికం లేదు. దానిని బ్రిటిషువారు పితూరీ అన్నారు. మన్యం ప్రజలు తమ పోరాటమన్నారు.

అయితే పేరు వెతుక్కుంటూ పోయిన బాంబు ఎప్పుడూ ఆ పేరు దగ్గరే ఆగిందా? ఆగలేదు. 1908లో ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోసు బృందం కింగ్స్‌ఫర్డ్ అనే న్యాయాధికారి కోసం వేసిన బాంబుకు ఆ బండిలో లేని అతడు బతికాడు. బండిలో ఉన్న ఇద్దరు స్త్రీలు చనిపోయారు. 1925 ఆగస్టు 9న కాకోరీ వద్ద విప్లవకారులు బండి ఆపి గార్డు పెట్టెలోని ప్రభుత్వ ధనం తీసుకున్నప్పుడు పొరపాటున పేలిన తూటాకు ఒక ప్రయాణికుడు మరణించాడు. 1929 డిసెంబరు 23న ఢిల్లీ సమీపంలో వైస్రాయి ఇర్విన్ ప్రయాణిస్తున్న ప్రత్యేక రైలు కింద బాంబు పేల్చారు. వైస్రాయికి ఏమీ కాలేదు. కాని ఆ ఇంజనులో నిలబడినవాడెవరు? ఆ బండికి జెండా ఊపినవాడెవరు? చరిత్ర పుస్తకాలలో వైస్రాయి పేరు ఉన్నది. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డుల పేర్లు లేవు. రైల్వే కార్మికులుగా మనం వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

తపాలా కార్మికులకు మరొక ఉదాహరణ. 1919 ఏప్రిల్‌లో అమెరికాలో అరాచకవాదులు మంత్రులకూ, న్యాయాధిపతులకూ, ధనికులకూ 36 బాంబు పార్సెళ్లు పంపారు. వాటిలో 16 పార్సెళ్లు తపాలా బిళ్లలు చాలనందున న్యూయార్కు కార్యాలయంలో నిలిచిపోయాయి. పత్రికలో బాంబు వార్త చదివిన ఒక గుమాస్తాకు పక్కన పెట్టిన ఆ పెట్టెలు గుర్తుకు వచ్చి, కార్యాలయానికి పరుగెత్తి అందరినీ హెచ్చరించాడు. చేరిన ఒక పార్సెలు మీద ఉన్నది ఒక మాజీ సెనేటరు పేరు. దానిని విప్పి రెండు చేతులూ పోగొట్టుకున్నది మాత్రం అతని ఇంటి పనిమనిషి. కవరు మీద దొరవారి పేరు ఉంటుంది. గాయం పనిచేసేవారి చేతులకు తగులుతుంది. ఈ మార్గంలో మొదటినుంచీ ఉన్న లోపం ఇది.

ఈ లోపాన్ని లోపలినుంచే గుర్తించినవారిలో భగత్ సింగ్ ముఖ్యుడు. 1929 ఏప్రిల్ 8న ఆయన, బటుకేశ్వర దత్తు కేంద్ర శాసనసభలో బాంబులు వేసి, పారిపోక, అక్కడే నిలబడి అరెస్టయ్యారు. ఎవరూ చనిపోకుండా ఖాళీ స్థలం చూసి వేశారు. ఆనాడు సభ ముందున్న బిల్లులలో ఒకటి కార్మిక వివాదాల బిల్లు అన్న సంగతి మనవారు మరువరాదు. సానుభూతి సమ్మెలకు సంకెళ్లు వేసినదీ, తపాలా వంటి ప్రజోపయోగ సేవలలో నోటీసు లేని సమ్మెను నేరంగా చేసినదీ ఆ చట్టమే. మనకోసం జైలుకు పోయిన ఆ యువకుడే 1931 ఫిబ్రవరిలో, ఉరికి కొద్దివారాల ముందు, యువ కార్యకర్తలకు రాసిన లేఖలో తాను టెర్రరిస్టును కానని, ఆ పద్ధతుల వల్ల సాధించగలిగినది ఏమీ లేదని, కార్మికులలో కర్షకులలో పనిచేయటమే అసలు మార్గమని స్పష్టంగా చెప్పాడు. ఆయన చిత్రపటానికి దండ వేసేవారు ఆ లేఖ కూడా చదవాలని కోరుతున్నాం.

రెండవ దశ: ముద్ర

స్వాతంత్ర్యానంతరం మన ప్రాంతానికి వద్దాం. శ్రీకాకుళం ఏజన్సీలో గిరిజనుల ఉద్యమం కూలిరేట్ల కోసం, వడ్డీ వ్యాపారుల చేతికి పోయిన భూముల కోసం సంఘం పెట్టుకున్న ఉద్యమంగా మొదలైంది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలి అయ్యారు. అక్కడినుంచి ఉద్యమం సాయుధ మార్గం పట్టింది. 1969లో ఏర్పడిన సీపీఐ (ఎంఎల్) చారు మజుందార్ నాయకత్వాన వర్గశత్రు నిర్మూలన అనే సూత్రం ముందుకు తెచ్చింది. 1970 జూలైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణంతో ఉద్యమం కుప్పకూలింది. సాయుధ పోరాటాన్ని నమ్మిన తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వంటివారే ఈ నిర్మూలన పంథాను ఆనాడు వ్యతిరేకించారు. జనాన్ని కూడగట్టకుండా రహస్య దళాలు చేసే హత్యలు జనాన్ని ప్రేక్షకులుగా మారుస్తాయని వారి వాదన.

నిర్మూలన అన్న మాటలోనే మార్పు దాగి ఉన్నది. ఫలానా వ్యక్తి ఫలానా నేరం చేశాడన్నది కాదు. అతడు ఫలానా వర్గానికి చెందినవాడన్నది ప్రధానమైంది. పేరు స్థానంలో ముద్ర వచ్చింది.

1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వాన పీపుల్స్ వార్ ఏర్పడింది. ఆ ఏడాదే దాని దళాలు గోదావరి దాటి బస్తర్‌లో అడుగుపెట్టాయి. అక్కడ వారికి దొరికిన మొదటి సమస్య ఏమిటో తెలుసా? బీడీ ఆకు కట్టకు ఇచ్చే ధర. కంట్రాక్టర్లు నామమాత్రపు రేటు ఇచ్చేవారు. అటవీ సిబ్బంది మామూళ్లు గుంజేవారు. దళాలు ఆకు కోసేవారిని కూడగట్టి రేటు పెంచమన్నాయి; రేటు పెరిగింది. ఇది కార్మిక సంఘం చేయవలసిన పని. మేము చేరని చోట తుపాకి చేరింది. ఈ మాట ఉద్యమాలలో ఉన్న మనమందరం వినవలసిన మాట.

కాని ఆ కోర్కె మీద ఆ సంస్థ నిలవలేదు. ఉద్దేశం క్రమంగా మారింది: మొదట ఆకు రేటు, తరువాత ప్రాంతం మీద పట్టు, ఆ తరువాత సైన్య నిర్మాణం. 2000లో గెరిల్లా సైన్యం ప్రకటించారు. 2004 సెప్టెంబరులో మరొక సంస్థతో కలిసి సీపీఐ (మావోయిస్టు) అయింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు జరిగి, కొద్ది నెలలకే భగ్నమయ్యాయి. ప్రాంతం నిలుపుకోవాలనుకున్నవాడికి ప్రధాన భయం దొర కాదు, కంట్రాక్టరు కాదు. కబురు చేరవేస్తాడేమోనన్న గ్రామస్థుడు. అందుకే ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పుట్టింది. ఆ ముద్రకు సాక్ష్యం లేదు, అప్పీలు లేదు.

పద్ధతీ మారింది. 1987 డిసెంబరు 27న తూర్పుగోదావరి గుర్తేడు అడవిలో ఐఏఎస్ అధికారులను బందీలుగా పట్టుకున్నారు. గిరిజనుల మేలు కోసమే జీవితమంతా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ వారిలో ఒకరు. ఆయన పేరు కాదు వారు చూసినది, ఆయన ఉద్యోగం. 1990 అక్టోబరులో హైదరాబాదు శివార్లలోని చర్లపల్లి వద్ద కాకతీయ ఎక్స్‌ప్రెస్ పెట్టెకు నక్సలైట్లు నిప్పు పెట్టగా 40 మందిదాకా ప్రయాణికులు కాలిపోయారు. రైలు ప్రభుత్వ ఆస్తి గనుక తగలబెట్టారు. అందులో కూర్చున్నవారు లెక్కకు రాలేదు. ఆ తరువాత మందుపాతరల కాలం వచ్చింది. పిస్తోలు పట్టినవాడు చంపేవాడి ముఖం చూస్తాడు. మందుపాతర ఎవరి ముఖమూ చూడదు; పైన పోయేది పోలీసు వాహనమో, పెళ్లి బృందమో దానికి తెలియదు.

ముద్ర వేయటంలో ఒక పక్షాన్నే తప్పు పట్టితే అర్ధసత్యమే చెప్పినట్లవుతుంది. 2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ప్రతిపక్ష నాయకుడు మహేంద్ర కర్మ ముందు నిలిచాడు. రాష్ట్ర ప్రభుత్వం వెనుక నిలిచింది. అది ప్రజల స్వచ్ఛంద శాంతియాత్ర అన్నారు. ఆచరణలో ఊళ్లను ఖాళీ చేయించి, జనాన్ని రహదారి పక్కన శిబిరాలలో చేర్చారు. 600కు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. శిబిరానికి రాని ఊరంతా మావోయిస్టు ఊరే అన్న ముద్ర పడింది. ఇళ్లు తగలబడ్డాయి. వేలాదిమంది సరిహద్దు దాటి మన ఖమ్మం జిల్లా అడవులలోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వారినే గుత్తికోయలంటున్నాం.

ఇటు ప్రభుత్వం శిబిరానికి రానివారిపై ముద్ర వేసింది. అటు మావోయిస్టులు శిబిరానికి వచ్చినవారిపై ముద్ర వేశారు. మధ్యలో ఎర్రబోరు ఉన్నది. శిబిరంలోకి కొందరు ఇష్టపడి వచ్చారు, కొందరు భయపడి వచ్చారు, కొందరు తీసుకురాబడ్డారు. 2006 జూలై 17న గుడిసెలకు నిప్పు పెట్టినవారు ఈ తేడా అడగలేదు. నిద్రపోతున్న పసిబిడ్డకు ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర ఏ న్యాయం ప్రకారం పడుతుంది? ప్రజల పేరిట యుద్ధం చేస్తున్నామన్నవారు సమాధానం చెప్పలేని ప్రశ్న ఇది. రక్షణ కోసమని పోగుచేసిన జనాన్ని రక్షించలేని ప్రభుత్వం కూడా ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేదు.

మరుసటి ఏడాది 2007 జూలై 9న ఎర్రబోరు సమీపపు అడవిలో 24 మంది భద్రతా సిబ్బంది మరణించారు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద ఒక్కనాడే 76 మంది. పోలీసు పక్షాన నిలబెట్టిన స్పెషల్ పోలీసు ఆఫీసర్లు ఎవరు? పెద్దగా చదువు లేని గిరిజన యువకులు. కొద్దివారాల శిక్షణ, నెలకు 3,000 రూపాయలు, ఉద్యోగ భద్రత లేదు. పని మాత్రం యుద్ధరంగంలో ముందు వరుసన నడవటం. క్యాజువల్ లేబరు గురించి, గ్రామీణ డాక్ సేవకుల గురించి పోరాడే మనకు ఈ ఏర్పాటు కొత్తగా కనిపించదు. చవక మనిషిని ప్రమాదపు చోట నిలబెట్టటం ఇది. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనం ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి, ఆ యువకుల చేతిలోని తుపాకులు వెనక్కు తీసుకోమన్నది.

మూడవ దశ: సంఖ్య

ఇక ముంబయి వంటి ఘటనలకు వద్దాం. 1980 ఆగస్టు 2న ఇటలీలో బొలోన్యా రైల్వే స్టేషనులో నయా ఫాసిస్టులు పెట్టిన బాంబుకు 85 మంది చనిపోయారు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం సముద్రం మీద పేలి 329 మంది మరణించారు. 2004 మార్చి 11న మాడ్రిడ్‌లో ఉదయపు లోకల్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. మన హైదరాబాదులో 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో మరికొందరు. ఈ హంతకులకు చచ్చేవారి పేరు తెలియదు. ముద్ర కూడా అక్కరలేదు. ఎంత రద్దీ ఉంటే అంత ఫలితం. మాడ్రిడ్‌లో ఉదయం పనికి పోయే వేళ, ముంబయిలో సాయంత్రం పని నుంచి వచ్చే వేళ ఎన్నుకోవటం యాదృచ్ఛికం కాదు. మన టైంటేబుల్ వారి ఆయుధంలో ఒక భాగమైంది.

ఉద్దేశమూ మారింది. జార్‌ను చంపినవారు రాజ్యాంగం అడిగారు. గుర్తేడులో అధికారులను పట్టుకున్నవారు ఖైదీల విడుదల అడిగారు. ఈ మూడవ దశలో చాలా సందర్భాలలో అడిగేదే ఏమీ ఉండదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలిన మత బృందం కార్మికుల కోర్కె గాని, దేశ స్వాతంత్ర్యం గాని కోరలేదు. మతద్వేషమో, ప్రతీకారమో, భయం పుట్టించటమే పరమార్థమో అయినప్పుడు రాజీకి తావు ఉండదు. రాజీకి తావు లేనప్పుడు గీత గీసుకోవలసిన అవసరమూ ఉండదు.

టోక్యోలో ఆ విషపు పొట్లాన్ని చేతులతో తీసివేసింది కసుమిగసేకి స్టేషను సిబ్బంది. వారిలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 2001 అక్టోబరులో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరాలు సెనేటర్లకు వచ్చాయి. సెనేట్ కార్యాలయ భవనాన్ని వెంటనే మూసివేశారు. ఆ ఉత్తరాలు సార్టు చేసిన వాషింగ్టన్ తపాలా కేంద్రాన్ని మాత్రం ఆ తరువాత కూడా కొన్ని రోజులు నడిపించారు. అక్కడ పనిచేసే ఇద్దరు ఉద్యోగులు మరణించారు. సెనేటర్లకు ఒక కొలత, సార్టర్లకు మరొక కొలత! 2008 నవంబరు 26 రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో తుపాకులు మోగుతుండగా రైల్వే ప్రకటనకర్త విష్ణు జెండే తన గదిలోనే నిలిచి, ఏ దారిన బయటికి పోవాలో మైకులో చెబుతూ ఎందరో ప్రాణాలు కాపాడాడు. ఆయన చేతిలో ఆయుధం లేదు, డ్యూటీ ఉన్నది.

ఈ మూడు దశలూ ఒకటి ముగిశాక మరొకటి వచ్చినవి కావు. నేటికీ కలగలిసి ఉన్నాయి. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ అన్న పేరును వెతుక్కుంటూ వచ్చిన ఆత్మాహుతి బాంబు పక్కనున్న పలువురినీ చంపింది. 2010 మే 28న ఝార్‌గ్రాం సమీపంలో పట్టా తొలగించిన చోట జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పడిపోయి, గూడ్సు బండి ఢీకొని 140 మందికి పైగా మరణించినప్పుడు మావోయిస్టులు అది తమ పని కాదన్నారు. వారికి అనుబంధంగా పనిచేసిన కమిటీ సభ్యులపై సీబీఐ అభియోగ పత్రం వేసింది. ముద్రతో మొదలైన దారి సంఖ్య దగ్గరకు చేరటానికి ఎంతో దూరం లేదని ఆ రాత్రి చూపించింది.

మన మార్గం

సమ్మె చేసే మనకూ, ఉగ్రవాదికీ తేడా ఏమిటని కొందరు ఎగతాళిగా అడుగుతారు. రైలు ఆగటం రెండు చోట్లా ఉన్నదిగదా అంటారు. తేడా మొత్తం అక్కడే ఉన్నది. 1974 మే 8 నుంచి 27 వరకు దాదాపు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మె చేశారు. నోటీసు ఇచ్చి చేశారు, పేరు చెప్పి చేశారు, కుటుంబాలతో సహా క్వార్టర్ల నుంచి గెంటివేతలను భరించి చేశారు. వేలమంది జైళ్లకు పోయారు. ఆ సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ మీదనే అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, రైలు పట్టాలు పేల్చటానికి డైనమైట్ సమకూర్చాడని బరోడా కేసు పెట్టారు; 1977లో ఆ కేసు ఉపసంహరించారు. ఆ అభియోగపు నిజానిజాలు ఎలా ఉన్నా, ఒక్క మాట నిర్వివాదం. లక్షలమంది పని మానినప్పుడు ఢిల్లీ కదిలింది. ఎవరి ప్రాణానికీ హాని తలపెట్టకుండా కదిలింది. అంత శక్తి ఏ డైనమైటుకూ లేదు. మన ఆయుధం మన సభ్యత్వ పుస్తకం. ఉగ్రవాది నలుగురితో చేసే పని మనం నలుగురితో చేయలేము. అదే మన బలం, అదే మనపై అదుపు.

ఉగ్రవాదం మనకు చేసే మరొక హాని ఉన్నది. ప్రతి పేలుడు తరువాత ఒక కఠిన చట్టం వస్తుంది. 1985లో టాడా, 2002లో పోటా అలా వచ్చి, దుర్వినియోగం రుజువై పోయాయి. ముంబయి రైళ్ల కేసులో శిక్ష పడిన 12 మందినీ 2025 జూలైలో బొంబాయి హైకోర్టు నిర్దోషులని విడుదల చేసింది. ఆ తీర్పుపై ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పందొమ్మిదేళ్లు గడిచాక కూడా తమవారిని చంపినదెవరో మృతుల కుటుంబాలకు తేలకపోవటం కన్న అన్యాయం ఏమున్నది? ముద్ర వేసి పట్టుకోవటం తేలిక. పేరు తేల్చి రుజువు చేయటం కష్టం. చట్టం చేయవలసినది ఆ కష్టమైన పనే.

బస్తర్‌లో పరిస్థితి ఇటీవల వేగంగా మారింది. 2025 మే 21న మావోయిస్టు ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు నారాయణపూర్ అడవులలో మరణించాడు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు అనుచరులతో ఆయుధాలు అప్పగించాడు. నవంబరు 18న సుక్మా జిల్లాకు చెందిన హిడ్మా మారేడుమిల్లి అడవిలో మరణించాడు. అయినా ఆ జూన్ 9న కుంట, ఎర్రబోరు దారిలో పేలిన మందుపాతరకు ఒక పోలీసు ఉన్నతాధికారి బలి అయ్యాడు. తుపాకి మోత తగ్గినంత మాత్రాన 1910 నాటి అడవి సమస్య, 1980 నాటి ఆకు రేటు సమస్య తీరినట్లు కాదు. అక్కడ కూలికి సంఘం, రైతుకు పట్టా, పిల్లవాడికి బడి, తపాలాకు ఒక శాశ్వత ఉద్యోగి లేకపోతే ఆ ఖాళీ మళ్లీ ఎవరితోనో నిండుతుంది.

కనుక ప్రతి బ్రాంచీ చేపట్టవలసిన పనులు నాలుగు. ఒకటి, అనుమానాస్పద సంచులు, పార్సెళ్ల విషయంలో ప్రతి ఉద్యోగికీ, కంట్రాక్టు కార్మికుడికీ సహా, డ్యూటీ వేళలోనే శిక్షణ ఇవ్వాలని కోరాలి. రెండు, కొత్తవలస, కిరందూల్ మార్గం వంటి అటవీ సెక్షన్లలో రాత్రి గస్తీకి ఒంటరిగా ట్రాక్‌మన్‌ను పంపరాదని, జంటగా, సమాచార సాధనంతో పంపాలని పట్టుబట్టాలి. మూడు, ప్రమాదం పసిగట్టిన వెంటనే పని ఆపే అధికారం అక్కడున్న ఉద్యోగికే ఉండాలని, వాషింగ్టన్ సార్టర్ల గతి మనవారికి పట్టరాదని యాజమాన్యానికి రాసి ఇవ్వాలి. నాలుగు, మతాన్ని బట్టి, తెగను బట్టి, ఊరిని బట్టి తోటి ఉద్యోగిపై ముద్ర వేయటాన్ని మన మెస్సులో, మన రన్నింగ్ రూములో, మన సంఘ కార్యాలయంలో సహించరాదు.

ఎర్రబోరులో మరణించినవారు ఏ సంఘంలోనూ సభ్యులు కారు. వారి పక్షాన నోటీసు ఇచ్చినవారు లేరు, బేరమాడినవారు లేరు. వారి పేరు మీద అందరూ మాట్లాడారు. వారిని ఎవరూ అడగలేదు. అడిగి, కూడగట్టి, పేరు చెప్పి, పట్టపగలు పోరాడటం కార్మికోద్యమం నూరేళ్లలో నేర్చుకున్న విద్య. ఆ విద్యను అడవి అంచుదాకా తీసుకుపోవటం మన కర్తవ్యమని మనవి చేస్తూ ముగిస్తున్నాం.